కినుయో పిన్ని తలుపు

'వెండికొంగ' అనే వీడియో ఆటకి పదమూడో భాగం తయారవుతోంది. పన్నెండు భాగాల్లోనూ కథ ఒకటే. అమ్మ కొడుకుని నిద్ర లేపుతుంది. వాడు లోకాన్ని కాపాడటానికి బయల్దేరి, దారిలో పరాయి ఇళ్ళల్లో దూరి కుండలు పగలగొట్టి మూలికలు జేబులో వేసుకుంటాడు. ఇంటివాళ్ళు కిక్కురుమనరు. మొదటి ఊళ్ళో బావి పక్కన ఉన్న ఇంటి తలుపు మాత్రం ఎంత తట్టినా తెరుచుకోదు. ఆ తలుపు మీద అభిమానులు పద్నాలుగు పుస్తకాలు రాశారు. లోపల దేవుడున్నాడని ఒక వర్గం, శూన్యం ఉందని ఇంకో వర్గం. ఆ రెండు వర్గాలకీ మాటల్లేవు.

లోపల ఎవరున్నారో, ఆ ఆట తయారు చేసినవాళ్ళల్లో ఒకడైన నిషిగాకికి తెలుసు. టోఫూ, అదే సోయా జున్ను, అమ్మే కొట్టు కినుయో పిన్ని ఉంది.

ముప్పై ఆరేళ్ళ కిందట ఒసాకాలో ఆవిడ కొట్టు పైగదిలోనే ఐదుగురు కుర్రాళ్ళు మొదటి భాగం తయారు చేశారు. తిండి ధ్యాస లేకుండా పనిలో పడి ఉన్న వాళ్ళకి ఆవిడ వేడి వేడి టోఫూ పట్టుకెళ్ళి, తినేదాకా నెత్తిన కూర్చునేది. "నిన్ను ఆటలో పెడతా పిన్నీ" అని నిషిగాకి మాటిచ్చాడు. పెట్టాడు కూడా. హడావుడిలో తలుపు తెరిచే కోడ్‌లో ఒక అంకె తప్పు కొట్టాడు, అంతే, అది తెరుచుకోలేదు. ఈలోగా ఆవిడ వీధంతా చాటేసింది. పిల్లలు ఆట కొనుక్కుని ఊరంతా వెతికి, "నువ్వెక్కడా లేవు, అన్నీ కోతలే" అని గేలి చేశారు.

ఇప్పుడు ఆవిడకి ఎనభై ఆరు. నిషిగాకి నెలాఖరుకి రిటైరవుతున్నాడు.

"ఏరా, తీశావా తలుపు?" అంది, కొట్టుకి వచ్చిన అతని చేతిలో టోఫూ ముక్క పెడుతూ.

"ఈసారి తీస్తా పిన్నీ."

"నేను పోయాక తీస్తావు గాబోలు. అప్పుడు నాకు తలుపులతో పనుండదులే."

ఆ మాట అతనికి గుచ్చుకుంది.

కంపెనీలో సంప్రదాయ పరిరక్షణ సంఘం అని ఒకటుంది. దాని అధ్యక్షుడు ఉజిహారా ఆ తలుపు కన్నా రెండేళ్ళు చిన్నవాడు. నిషిగాకి సంఘం ముందు తల వంచి నిజం చెప్పేశాడు.

"అది నా తప్పండీ. ఏడు కొట్టాల్సిన చోట ఒకటి కొట్టాను."

ఉజిహారా కళ్ళు చెమర్చాయి. "ఎంత వినయం సార్ మీది! అంత గొప్ప ఆలోచన చేసి, పొరపాటంటున్నారు."

"పొరపాటేనండీ బాబూ!"

"పోనీ, అలాగే అనుకుందాం. ఇది బయటికి పొక్కితే ఆ పద్నాలుగు పుస్తకాలూ ఏమైపోవాలి? మన ఆటల ప్రదర్శనలో ఆ తలుపు బొమ్మ ముందు పెళ్ళి చేసుకున్నవాళ్ళున్నారు సార్!"

తలుపు ఎన్నటికీ తెరవరాదని తీర్మానం రాశారు. సంతకాలకి బదులు పేరు ముద్రలు వేయడానికి కాగితం చేతులు మారింది. పైవాడి ముద్రకి దండం పెడుతున్నట్టు కిందివాళ్ళు తమ ముద్రలని ఎడమకి వంచి వేయడం అక్కడి మర్యాద. పదకొండు ముద్రలూ గాలికి వాలిన వరిలా వాలాయి. నిషిగాకికి ఒళ్ళు మండింది. ఉద్యోగంలో మొట్టమొదటిసారి ముద్ర నిటారుగా వేశాడు. అందరూ బెంబేలెత్తారు.

కాగితం తిరిగి ఇచ్చేముందు ఇంకోసారి చదివాడు. తలుపు తెరవకూడదని ఉంది. తలుపు బయట ఎవరూ ఉండకూడదని లేదు.

వసంతంలో ఆట విడుదలైంది. తలుపు తెరుచుకోలేదని సంఘం తృప్తిపడింది. నిషిగాకి ఆటని కొట్టుకి పట్టుకెళ్ళి ఆడి చూపించాడు. మూసిన తలుపు ముందు, పీట మీద, టోఫూ తొట్టి పెట్టుకుని ఒక ముసలావిడ. మీట నొక్కితే మాట్లాడింది: "తలుపు బిగుసుకుపోయింది. మిమ్మల్ని నమ్ముకుంటే లాభం లేదని కిటికీలోంచి దిగొచ్చా. తిన్నావా?"

కినుయో పిన్ని కళ్ళజోడు తుడుచుకుని మళ్ళీ నొక్కమంది. మళ్ళీ, మళ్ళీ నొక్కించింది.

"ఈ తెలివి ముప్పై ఆరేళ్ళ కిందట ఏమైందిరా నీకు?"

"అప్పుడు లేదు పిన్నీ. ఇక నీకు తిరుగు లేదులే. ఏ భాగంలోనూ నిన్ను ఆ పీట మీంచి కదపకూడదని సంఘం అప్పుడే తీర్మానం చేసింది."

"అంటే చచ్చాక కూడా టోఫూ అమ్మాలన్నమాట!"

ఇంతలో ఒక బట్టతల మనిషి కొట్టు ముందు ఆగాడు. అప్పట్లో గేలి చేసిన పిల్లల్లో అందరికన్నా గొంతు పెద్దది వాడిదే. నడుం దాకా వంగాడు.

"రాత్రి ఆట ఆడాను పిన్నీ. నువ్వు చెప్పింది నిజమే. మన్నించు."

ఆవిడ కాసేపు వాణ్ణి ఎగాదిగా చూసింది. తర్వాత తొట్టిలో చెయ్యి పెట్టి ఒక ముక్క తీసింది.

"తిన్నావా?" అంది.