విప్పిన స్వెట్టర్

ఊలు స్వెట్టర్ ఉతకడమంటే పసిబిడ్డకు నీళ్లు పోయడమే. వేడెక్కువైతే ముడుచుకుపోతుంది, పిండితే సాగిపోతుంది. అందుకే లీదియా ఏటా చలికాలం ముందు ఇంటిల్లిపాది స్వెట్టర్లనూ గోరువెచ్చటి షాంపూ నీళ్లలో ముంచి, తువ్వాల్లో చుట్టి అదిమి, వసారాలో నీడన పరిచేది. అల్లింది తనే కాబట్టి ఉతకాల్సిందీ తనేనని ఆ ఇంట్లో ఎప్పుడు తీర్మానమైందో ఎవరికీ గుర్తులేదు. అల్లిక పుల్లలు పట్టుకోగానే అత్త వీరమ్మ, "నీకేమ్మా, కుచ్చొని చేసే పని" అనేది. ఆ మాట అనేటప్పుడు ఆమె ఒంటిమీద ఉండేదీ కోడలు అల్లిన స్వెట్టరే.

భర్త ప్రభుదాస్ గిద్దలూరు డిపోలో కండక్టరు. పెళ్లైన కొత్తలో అతనికి నీలం స్వెట్టర్ అల్లింది. ఒక్కరోజు తొడుక్కుని, "గీరుకుంటాంది, ఏం ఊలో ఏందో" అని మంచం మీద పడేశాడు. మళ్లీ ముట్టుకుంటే ఒట్టు. అయినా దాన్ని ఏటా ఉతికి, వేపాకు వేసి బీరువాలో పెడుతూనే వచ్చింది. తొడగని బట్టకు ఊడిగం చేయడం ఎంత వెర్రితనమో ఆమెకు తెలియక కాదు. పారేస్తే మొగుణ్ణే పారేసినట్టవుతుందని భయం.

లీదియా కొమరోలు ఆస్పత్రిలో నర్సు. ఈ ఏడు తెల్లవారుజాము బస్సులో, అద్దం లేని కిటికీ పక్కన, కొంగు చెవులకు చుట్టుకుని పోయి పోయి దగ్గు పట్టుకుంది. ఇంట్లో అందరికీ స్వెట్టరుంది, తనకు లేదు. కొత్త ఊలు కొనుక్కోవచ్చు, జీతం తనదే. కానీ తనకోసం కొనుక్కోవడం ఎందుకో దొంగతనంలా అనిపించింది. పాతది విప్పితే ఖర్చుండదు కదా అనుకుంది. పిచ్చితల్లి, చిన్న తప్పు తప్పించుకోబోయి పెద్ద తప్పులో పడింది.

ఆదివారం చర్చి నుంచి వచ్చాక ఆ నీలం స్వెట్టర్ కుట్లు ఊడదీసి, మెడ దగ్గర ముడి కోసి దారం లాగింది. వరస తర్వాత వరస ఊడొచ్చింది. ఉంగరాలు తిరిగిన ఊలును చుట్టలు చుట్టి, తడిపి, సాఫు కావడానికి కింద చెంబు కట్టి వేలాడదీసింది. వీరమ్మ చూడనే చూసింది.

"కట్టుకున్నోడి బట్ట ఇప్పుతారా తల్లీ ఎవురన్నా? ఏం పొయ్యేకాలం!"

ఆ తర్వాత వేసిన ప్రతి అల్లికా పాపంలాగే తోచింది. ఘాట్ రోడ్డులో ప్రభుదాస్ బస్సు కాస్త ఆలస్యమైతే తన మూలానే అనుకునేది. మోకరించి "క్షమించు ప్రభువా" అని ఏడ్చేది. లేచి మళ్లీ పుల్లలే అందుకునేది.

క్రిస్మస్ క్యారల్స్‌కు బయల్దేరాల్సిన సాయంత్రం ప్రభుదాస్ బీరువా అంతా తిరగేశాడు.

"నా నీలం స్వెట్టర్ ఏదే? అందరూ స్వెట్టర్లు ఏసుకొస్తాండారు."

ఇన్నేళ్లూ అడగనివాడు ఇవాళే అడగాలా అనుకుంది లీదియా.

"ఎలుకలు కొట్టినాయి లేరా. నేనే పారేసినా," అంది వీరమ్మ, కోడలి వైపు చూడకుండా.

అత్త తనను కాపాడింది. తలూపితే గండం గడిచినట్టే. కానీ ఆ పైన తను అల్లుకున్న స్వెట్టర్‌ను రోజూ బస్సెక్కాక తొడుక్కుని, ఇల్లు చేరకముందే సంచిలో దాచాలి. లీదియా లోపలికెళ్లి దాన్ని తొడుక్కుని వచ్చింది.

"ఎలుకలు కాదు. నేనే ఇప్పి అల్లుకున్నా."

ప్రభుదాస్ ఎగాదిగా చూసి నవ్వేశాడు. "దానికేముందిలే, మళ్లా ఇప్పి నాకు అల్లియ్యి. నేనంటే బయట తిరిగేవాణ్ణి. నువ్వెక్కడికి పోతావు చలిలో?"

రోజూ చీకటితోనే అతని మంచం పక్కనుంచే నడిచి గడప దాటుతుంది లీదియా. అతను ఒక్కనాడూ కళ్లు తెరిచి చూడలేదన్నమాట.

"ఇప్పను," అంది.

తప్పు చేస్తున్నాననే ఇంకా అనిపిస్తోంది. అయినా గుండీలు మెడదాకా పెట్టుకుంది.