పొలమారే మెయిళ్ళు

సంధ్యారాణి మెయిల్ తెరవడానికి ఒక వేళ పెట్టుకుంది. జనం టిఫిన్లు ముగించి, ఇంకా అన్నాలకి కూర్చోని వేళ అది. తెనాలి స్టేషన్ రోడ్డులో ఆవిడ నెట్ సెంటరు షట్టరు పొద్దున్నే లేస్తుంది. గుమ్మం ముందు నీళ్ళు చల్లుతుంది, కంప్యూటరు పక్కనున్న వినాయకుడి పటానికి అగరొత్తి వెలిగిస్తుంది, జిరాక్సులు తీస్తుంది, రైలు టిక్కెట్లు చేస్తుంది. మెయిల్ జోలికి మాత్రం వెళ్ళదు. ఆ సమయంలో ఎవరి నోట్లో ఇడ్లీ ముక్క ఉందో ఎవరికి తెలుసు?

సెంటరు పెట్టిన కొత్తలో దరఖాస్తు నింపించుకోవడానికి వచ్చేవాళ్ళలో సగం మందికి మెయిల్ ఐడీ ఉండేది కాదు. ఉన్నవాళ్ళకి పాస్‌వర్డ్ గుర్తుండేది కాదు. వెనక నిలబడ్డవాళ్ళు గొణుగుతుంటే సంధ్యారాణి "సరేలే, నాది వేసేస్తున్నా" అని తన ఐడీ కొట్టేసేది. నెట్ సెంటరు నడిపేవాళ్ళెవరైనా చేసే పనే. అలా కొల్లూరు లంకల్లో అరటితోటల రైతులకి రావలసినవి, బాపట్ల కాలేజీలకి దరఖాస్తు పెట్టిన పిల్లలకి రావలసినవి, రేపల్లె అవతల సముద్రపు ఒడ్డు కుర్రాళ్ళకి రావలసినవి, అన్నీ ఆవిడ ఒక్కదాని పెట్టెలోనే వచ్చి పడేవి. ఒక్కొక్కరి పేరున ఒక్కో అర చేసి అందులో సర్దుకునేది.

ఎవరికొచ్చిన మెయిల్ ఆవిడ తెరిస్తే, ఆ మనిషికి ఎక్కడుంటే అక్కడ పొలమారేది.

దగ్గు తెరలు తెరలుగా వచ్చేది, కళ్ళల్లో నీళ్ళు తిరిగేవి. పక్కనున్నవాళ్ళు నడినెత్తిన తట్టి "ఎవరో తలుచుకుంటున్నారు" అనేవాళ్ళు. "ఎవరో ఏంటి, సంధ్యారాణే. వెళ్ళి చూసుకో" అని ఇంట్లోంచి ఇంకెవరో కేకేసేవాళ్ళు. మంచినీళ్ళు తాగి, మూతి తుడుచుకుని, తెనాలి బస్సెక్కేసేవాళ్ళు. ఫోన్ నంబరు మార్చేసి చెప్పనివాళ్ళకి కూడా కబురు ఠంచనుగా అందేది. రిటైరైన లెక్చరర్ పురుషోత్తం గారొక్కరే పనిగట్టుకుని వచ్చి, "అమ్మాయ్, నా పెన్షన్ మెయిల్ ఏదైనా వస్తే కాఫీ వేళ తెరవకమ్మా, పంచెలన్నీ పాడైపోతున్నాయి" అని మొరపెట్టుకున్నారు. సంధ్యారాణి వేళ పెట్టుకున్నది అప్పటినుంచే.

ఆవిడకి ఒక్కటే చేతకాలేదు. ఏదీ తీసెయ్యలేకపోయేది. తీసేసిన మెయిల్ ఇక ఎవరి గొంతూ పట్టుకోదు. ముందే పెన్‌డ్రైవ్‌లోకి ఎక్కించి దాచుకున్నా లాభం లేదు, అందులోంచి తెరిస్తే పొలమారదు. ఎవరికి ఎప్పుడు ఏది అక్కరకొస్తుందోనని చీరల షాపు ప్రకటనలు కూడా ఉంచేసింది. మూడేళ్ళ కిందటి దసరా తగ్గింపులు, గడువు దాటిన నోటిఫికేషన్లు, ఎప్పుడో ముగిసిన పరీక్షల హాల్‌టిక్కెట్లు, అన్నీ అలాగే పడున్నాయి. ఇల్లు సర్దుకోలేని మనుషులుంటారు చూడండి, సంధ్యారాణి ఇల్లు అద్దంలా ఉంటుంది గానీ మెయిల్ మాత్రం అటక.

ఒక శనివారం పొద్దున్న టిఫిన్ల వేళ దాటాక మెయిల్ తెరిస్తే, తెర పైభాగాన ఎర్రటి పట్టీ కనిపించింది. పెట్టె నిండిపోయింది, ఇక కొత్త మెయిళ్ళు రావు అని దాని సారాంశం. ఆవిడ దాన్ని చదువుతూ ఉండగానే ప్రేమ్‌కుమార్ పరుగున వచ్చాడు. రేపల్లె అవతలి ఒడ్డు మనిషి, పడవ ఇంజన్లు బాగుచేస్తాడు, పెళ్ళై ఇద్దరు పిల్లలు. విశాఖలో ఓడలు మరమ్మతు చేసే యార్డులో ఉద్యోగానికి ఎంపికయ్యాడు.

"అక్కా, వాళ్ళు ఫోన్ చేశారు. ఆర్డరు పంపితే తిరిగొచ్చేసిందంట. మధ్యాహ్నం ఇంకోసారి పంపుతారంట, అప్పుడూ తిరిగొస్తే నా తర్వాతోడికి ఇచ్చేస్తారంట."

"ఇంకో ఐడీ చెప్పకపోయావా?"

"చెప్పానక్కా. దరఖాస్తులో ఏదుంటే దానికే పంపుతారంట."

సంధ్యారాణి కొంగు దోపుకుని కూర్చుంది. ముందు చీరల ప్రకటనలు పోయాయి. తర్వాత బ్యాంకుల పండగ శుభాకాంక్షలు, గడువు దాటిన నోటిఫికేషన్లు, పాత హాల్‌టిక్కెట్లు. తీసేసినవి చెత్తబుట్టలో చేరాయి, దాన్ని కూడా ఖాళీ చేస్తేనే చోటు మిగులుతుంది. బుట్ట ఖాళీ చేసినప్పుడల్లా డెల్టా అంతటా జనం గొంతులు సవరించుకుని, సవరించుకోవడానికేమీ లేక ఆశ్చర్యపోయారు. పురుషోత్తం గారు ఫోన్ చేశారు.

"ఏంటమ్మాయ్, పొద్దుట్నించీ గొంతు హాయిగా ఉంది? పద్యం కూడా అందుకున్నా."

"బూజు దులుపుతున్నానండి."

"నా పెన్షన్‌వి ఉంచావా?"

"ఉంచానండి."

"అయితే కానీ" అని మళ్ళీ పద్యం అందుకున్నారు.

ఎంత దులిపినా ఎర్ర పట్టీ మాత్రం పోలేదు. ఎవరి అర ఎంత చోటు పట్టిందో వెతికి చూసింది. అన్నిటికన్నా పెద్దది కిషోర్ పేరున ఉంది. ఆ పేరు చూడగానే మౌస్ మీదనుంచి చెయ్యి తీసేసింది.

కిషోర్ వెంకటరత్నమ్మ కొడుకు. వెంకటరత్నమ్మ శనివారం శనివారం రేపల్లె బండిలో ఎండు నెత్తళ్ళ గంపతో తెనాలి బజారుకొస్తుంది. ఆమె భర్త వేటకెళ్ళి పడవ తిరగబడి పోయాడు. ఆ తర్వాత కిషోర్ పడవెక్కనన్నాడు. ఎవరెన్ని చెప్పినా నీళ్ళలో కాలు పెట్టలేదు. నేల మీద ఏ ఉద్యోగమైనా ఫరవాలేదని ఈ సెంటర్లో కూర్చుని దరఖాస్తు మీద దరఖాస్తు పెట్టాడు. ప్రతిదానికీ సర్టిఫికెట్లన్నీ పెద్ద పెద్ద స్కాన్లు తీసి తగిలించాడు. ఒడ్డున అందరూ పిరికివాడని నవ్వేవాళ్ళు. ఆ నవ్వులు పడలేక ఒకరోజు వెంకటరత్నమ్మ, వాడు అన్నం ముందు కూర్చుని ఉండగా, "సముద్రానికి భయపడేవాడికి అన్నం పెట్టడం దండగ" అనేసింది. కిషోర్ కంచం ముందునుంచి లేచి, చెయ్యి కడుక్కుని, చొక్కా తొడుక్కుని వెళ్ళాడు. మళ్ళీ రాలేదు.

అప్పటినుంచి ఆమె చేపలు అమ్ముడవగానే సెంటరుకొచ్చి, "వాడిది ఒకటి తెరువమ్మా" అనేది. సంధ్యారాణి తెరిచేది. వాడికెక్కడో పొలమారి ఉంటుందని, వెంకటరత్నమ్మ కంప్యూటరు నెత్తిన మెల్లిగా తట్టేది. అవతలి దగ్గు ఇవతలికి వినపడదు. వాడు ఏ ఊళ్ళో ఉన్నాడో, అసలు ఉన్నాడో లేడో తెలిసేది కాదు. అయినా తట్టి, కళ్ళు తుడుచుకుని, బండికి వెళ్ళిపోయేది. ఆమెకి కొడుకంటూ మిగిలింది ఆ తెరలో ఉన్నంతే.

ఆ రోజూ ఎండ ముదిరే వేళకి ఖాళీ గంపతో వచ్చింది. గుమ్మంలో ప్రేమ్‌కుమార్ తల వంచుకుని నిలబడి ఉన్నాడు.

"ఏంటమ్మాయ్, అలా ఉన్నారు ఇద్దరూ?"

సంధ్యారాణికి చెప్పక తప్పలేదు, కిషోర్ అర తీసేస్తే గానీ ప్రేమ్‌కుమార్ ఆర్డరుకి చోటు దొరకదని చెప్పింది. ప్రేమ్‌కుమార్ మధ్యలోనే అందుకున్నాడు.

"వద్దులే అక్కా. ఇక్కడే ఇంజన్లు చూసుకుంటా. పెద్దమ్మని ఇబ్బంది పెట్టకు."

"నువ్వుండరా" అంది వెంకటరత్నమ్మ. గంప కింద పెట్టి, తెరకేసి చూస్తూ నిలబడింది.

"ఒక్కటి ఉంచుతాను పిన్నీ" అంది సంధ్యారాణి. "చిన్నది, చోటేం పట్టదు. నువ్వు ఎప్పట్లాగే రావచ్చు."

వెంకటరత్నమ్మ తల అడ్డంగా ఊపింది.

"ఒక్కటున్నా వారం వారం వచ్చి వాడి పీక పట్టుకుంటానమ్మా. వాడు నోట్లో ముద్ద పెట్టుకునుంటాడో, నెత్తిన మూట పెట్టుకుని మెట్లెక్కుతుంటాడో, నాకేం తెలుసు? ఆ రోజు అన్నం ముందునుంచి లేపాను. ఇన్నాళ్ళూ లేపుతూనే ఉన్నానేమో. రావాలనుంటే ఎప్పుడో వచ్చేవాడు. ఇక వదిలేద్దాం. వాణ్ణి తిననివ్వు."

"పిన్నీ, ఇంకోసారి ఆలోచించు. మళ్ళీ తెచ్చుకుందామన్నా రావు."

"తీసెయ్యమ్మా. అన్నీ."

సంధ్యారాణి కిషోర్ అరంతా చెత్తబుట్టలో వేసింది. బుట్ట ఖాళీ చెయ్యబోతే, శాశ్వతంగా తీసెయ్యమంటారా అని కంప్యూటరు అడిగింది. ప్రతిసారీ అడిగే ప్రశ్నే. పొద్దుట్నించీ దానికి ఎన్నిసార్లు అవునని చెప్పిందో. ఈసారి మాత్రం ఆవిడ వేలు కదల్లేదు. కళ్ళు మసకబారాయి.

"ఏది నొక్కాలి?" అంది వెంకటరత్నమ్మ పక్కకొచ్చి. సంధ్యారాణి చూపించింది. ఎండుచేపల వాసన వేసే ఆ వేలితో ఆమే నొక్కింది. ఎర్ర పట్టీ మాయమైంది.

కాసేపటికి యార్డు నుంచి మెయిల్ వచ్చింది. సంధ్యారాణి తెరవగానే ఎదురుగా నిలబడ్డ ప్రేమ్‌కుమార్‌కి పొలమారింది. దగ్గుతో పాటు ఏడుపూ నవ్వూ కూడా వచ్చేశాయి అతనికి. ఆవిడ ఇటునుంచి, వెంకటరత్నమ్మ అటునుంచి నెత్తిన తట్టారు. ఆర్డరు ప్రింటు తీసుకుని, పెద్దమ్మ కాళ్ళకి దణ్ణం పెట్టి, భార్యకి చెప్పాలని పరిగెత్తాడు.

వెంకటరత్నమ్మ మాత్రం కదల్లేదు. బండికి ఇంకా టైముందని లామినేషన్ మిషను వెనకున్న కుర్చీలో చేరగిలపడింది. సంధ్యారాణి టీ తెప్పిస్తే సగం తాగి పక్కన పెట్టింది.

పొద్దు వాలుతుండగా గుమ్మంలో ఒక మనిషి నిలబడ్డాడు. పసుపు మరకల బనీను, భుజాన తువ్వాలు, ఒళ్ళంతా చెమట. ఏదో వంటింట్లోంచి ఉన్నపళంగా వచ్చేసినట్టున్నాడు. కాస్త లావెక్కాడు, మీసం వచ్చింది. సంధ్యారాణి పోల్చుకోలేకపోయింది.

"అక్కా, నేను కిషోర్‌ని."

ఆవిడ కుర్చీలోంచి లేచింది. అతను ఆవిడ మొహంలోకే చూస్తున్నాడు తప్ప పక్కకి చూడటంలేదు.

"ఎప్పుడు పోయిందక్కా?"

"ఎవరు?"

"అమ్మ."

సంధ్యారాణి జవాబు చెప్పేలోపే అతనే చెప్పుకుంటూ పోయాడు.

"బాపట్లలో పిల్లల హాస్టల్లో వంట చేస్తున్నా. మధ్యాహ్నం పప్పు దించుతుంటే ఉన్నట్టుండి గొంతు ఖాళీ అయిపోయింది. ఎప్పుడూ ఏదో పట్టుకుని ఉన్నట్టుండేది, అది వదిలేసింది."

"బాపట్లలోనా? ఇన్నేళ్ళూ ఇక్కడ బాపట్లలోనే ఉన్నావా నువ్వు?"

"అక్కడే. శనివారం శనివారం పొలమారేది. అమ్మ చేపలు అమ్ముకుని వచ్చిందన్నమాట, ఓపిగ్గానే ఉందన్నమాట అనుకునేవాణ్ణి. రమ్మని పిలిచినట్టు అనిపించేది కాదక్కా, ఉన్నావా అని అడిగినట్టుండేది. ఉన్నానుగా అనుకుని పని చేసుకునేవాణ్ణి." తువ్వాలుతో మొహం తుడుచుకున్నాడు. "నన్ను తలుచుకోడానికి ఆవిడ తప్ప ఇంకెవరున్నారు? ఆవిడ లేకపోతేనే కదా నువ్వవన్నీ తీసేస్తావు."

"ఫోన్ చెయ్యొచ్చు కదరా!"

"ఫోన్లో వినలేననిపించింది."

లామినేషన్ మిషను వెనకనుంచి గొంతు వినిపించింది.

"నేనెక్కడికి పోతాన్రా?"

కిషోర్ అటు తిరిగి చూసి, గుమ్మంలోనే కూలబడ్డాడు. అంత మనిషీ పసివాడిలా ఏడ్చాడు. జిరాక్సు కోసం వచ్చినావిడ కాయితాలు పట్టుకుని, ఏమీ అడక్కుండా, పక్కకి తప్పుకుని నిలబడింది. వెంకటరత్నమ్మ వచ్చి కొడుకు పక్కనే నేల మీద కూర్చుంది.

"ఆ రోజు ఆ మాట అనుండకూడదురా నేను."

"ఏ మాట?" అన్నాడు కిషోర్.

అది అబద్ధమని ఆమెకీ తెలుసు, సంధ్యారాణికీ తెలుసు. ఎవరూ తవ్వలేదు.

"ఇవాళ ఏం వండావు?" అంది వెంకటరత్నమ్మ.

"దోసకాయ పప్పు. రాత్రికి వంకాయ కూర చెయ్యాలి. ఎవరికీ చెప్పకుండా వచ్చేశా."

"అయ్యో, ఎవరి కడుపున పుట్టిన పిల్లలో, ఆకలితో కూర్చుంటారు. లే, లే" అని వెంకటరత్నమ్మే ముందు లేచింది.

వాళ్ళు వెళ్ళాక సంధ్యారాణి బయటికొచ్చి నిలబడింది. రేపల్లె బండి కూత వేసి కదిలిపోయింది. వెంకటరత్నమ్మ అందులో లేదు. స్టేషన్ వంతెన మీద, బాపట్ల వైపు వెళ్ళే బండి ఆగే చోటికి నడుస్తూ, అంతమందికి వంకాయ కూర అడుగంటకుండా ఎలా చెయ్యాలో కొడుక్కి చేతులు తిప్పుతూ చెబుతోంది.