ఎవరైనా చదివేటట్టు

“నీ పనేముంది, నువ్వు రాసింది ఎవలైనా చదువుకుంటరు. నాదైతే నేనే చూడాలె గద” అన్నాడు మహేశ్, అన్నంలో పప్పు కలుపుకుంటూ. పొద్దున హైదరాబాద్ ఆఫీసులోని మేనేజరు సామేలు సారుకు అతనొక మాట చెప్పేశాడట. అమ్మకు మోకాలి ఆపరేషన్ ఉంది, స్వరూప ఉద్యోగం మానేస్తుంది అని. భార్య స్వరూపను ఒకమాట అడగాలన్న ఊహ కూడా రాలేదు. స్వరూప గరిటె గిన్నెలో పెట్టేసింది.

“నన్నడిగినవా?”

“అడుగుడేంది బిడ్డా” అని అత్త రాజవ్వ అందుకుంది. “ఇంట్లనే ఉంటివాయె. గా కంప్యూటర్ డబ్బ ముంగట కూసుంటే ఏంది, పొయ్యి ముంగట కూసుంటే ఏంది?”

మొగుడూ పెళ్లాలిద్దరిదీ ఒకటే కంపెనీ, ఒకటే పని. సిరిసిల్లలో ఇంటి నుంచే చేస్తారు. అతనికి తలుపున్న గది, తిరిగే కుర్చీ. ఆమెకు వంటింట్లో కుట్టుమిషను మీద లాప్‌టాప్, పక్కన కుక్కరు. మీటింగు నడుమ నల్లా వస్తే లేచి బిందెలు పట్టేది ఆమే. బిందె చప్పుడు వినబడకపోవడం మగవాళ్ల చెవులకు దేవుడిచ్చిన వరం.

పని మాత్రం ఆమెకు ప్రాణం. జగిత్యాల, కోరుట్ల దుకాణాల నుంచి వచ్చే బట్ట ఆర్డర్ల జాబితాలను స్కాలా అనే ప్రోగ్రామింగ్ భాషలో ఒక రూపం నుంచి ఇంకో రూపానికి మార్చాలి. స్వరూప ఒక్కో మెట్టును ఒక్కో వరుసగా రాసి, దానికో పేరు పెట్టేది. ముందు రద్దయినవి ఫిల్టరుతో తీసేయడం, మిగిలినవి ఊరివారీగా విడదీయడం, ఆ తర్వాత ఏ ఊరికి ఎన్ని తాన్లో కూడటం. రేపు ఎవరొచ్చినా పైనుంచి కిందికి చదువుకుంటూ పోతే చాలు. మహేశ్ అదంతా ఒకే ఫోల్డులో, అంటే ఒకే వరుసలో, కుక్కేవాడు. పేర్లు కూడా ఎక్స్, వై, అంతే. “గిది చూడు, ఒక్కటే లైను!” అని మీసం మెలేసేవాడు. అది తప్పిన రోజు మాత్రం “జర గిది చూడరాదు” అంటూ వంటింటి గడప దగ్గర నిలబడేవాడు. మొన్న రద్దయిన ఆర్డర్లు కూడా అందులో కలిసిపోయి కోరుట్లకు రెండింతల బట్ట పోబోయింది. పొయ్యి మీద కూర మాడుతున్నా ఆ చిక్కు విప్పి, వరుసలుగా పేర్చి ఇచ్చింది స్వరూపే. సారు మెచ్చుకున్నది మహేశ్‌ను.

అదీ ఓర్చుకుంది. ఓర్చుకోలేనిది వేరే ఉంది. పెళ్లికి ముందు ఇద్దరూ ఆఫీసులో పక్కపక్కన కూర్చునే రోజుల్లో, ఆమె రాసింది చదివి ఇతనే అన్నాడు, “నీది చదువుతాంటే నువ్వు పక్కన కూసోని చెప్తున్నట్టే ఉంటది” అని. ఆ మాటకే ఆమె మనసిచ్చింది. చదివేవాళ్లు తడబడకూడదని తను పడే కష్టం ఒక్కరికైనా కనబడిందని పొంగిపోయింది. ఇప్పుడు ఆ తేటదనమే ఆమెను తీసేయడానికి సాకైంది. ఇల్లూ అంతే కదా. వేళకు అన్నం, ఉతికిన బట్టలు, అత్త మాత్రలు, ఏదీ ఆగకుండా నడుస్తుంటే నడిపేదెవరో ఎవరికీ పట్టదు. నేనూ ముడులేసి రాసుంటే ఉంచుకునేవాళ్లేమో అనుకుంది. అలా రాయడానికి ఆమెకు చేతులు రావు. సింకు ముందు నిలబడి, గిన్నెల మీద నీళ్లు వదిలి, వెక్కివెక్కి ఏడ్చింది.

మధ్యాహ్నం మీటింగు మొదలైంది. గదిలోంచి మహేశ్, కుట్టుమిషను దగ్గర నుంచి స్వరూప.

“నీ పని ఎవరికి అప్పజెప్తున్నవమ్మా?” అని సామేలు సారు మంచిగానే అడిగాడు.

జవాబు చెప్పడానికి మహేశ్ గొంతు సవరించుకోవడం వినబడింది. ఆమె అతనికంటే ముందే మైకు ఆన్ చేసింది.

“సార్, నేను ఉద్యోగం మానేస్తలేను. మహేశ్ రాసింది విప్పి సరిజేసుడు మానేస్తున్న.”