పన్నెండు మంది పడవ

"పడవల నేలకు బండ పరిపిస్తున్న. చూడనీకి మస్తుంటది," అన్నాడు విజయ్‌కుమార్, రెండో జొన్నరొట్టె తుంపుతూ. పొయ్యి దగ్గర భార్య నిరోషా చెయ్యి పిండి మీదే ఆగిపోయింది.

నాపరాతి గనుల తాండూరు మనిషికి బండ పిచ్చి మామూలుది కాదు. ఇంట్లో బండ, వాకిట్లో బండ, పశువుల కొట్టంలో బండ. ఇక వికారాబాద్ దగ్గర చెరువులో తిరగబోయే ఇనుప పడవలోనూ బండే. విజయ్‌కుమార్ వెల్డింగ్ షెడ్డులో గేట్లూ ట్రాలీలూ తప్ప వేరేవి తయారుకాలేదు, పడవ ఇదే మొదలు. లెక్కంతా పాలిటెక్నిక్ చదివిన నిరోషాదే. అంట్లు తోముతూ, అత్త మార్త కాళ్ళకు నూనె రాస్తూ, మధ్యమధ్యలో వేసింది. పడవ ఎంత బరువుంటే అంత బరువు నీళ్ళను పక్కకు నెట్టాలి. ఈ పడవ అరవై కిలోలకో సెంటీమీటరు మునుగుతుంది. పాతిక సెంటీమీటర్ల వరకు భయం లేదు, అంటే పదిహేను వందల కిలోలు. ఇనుము, మోటారు, నడిపే మనిషి పోను పన్నెండు మంది. బండ మాట అప్పుడు లేదు.

"బండలు రెండువందల డెబ్భై కిలోలైతయి. ఇగ ఎనిమిది మందే ఎక్కాలె," అంది.

"కింద బరువుంటే పడవ కుదురుగుంటది. నాకే చెప్తున్నవా?"

"కుదురు వేరు, మునుగుడు వేరు."

"మగోళ్ళ పనుల్ల నీకెందుకు బిడ్డా, రొట్టె మాడుతున్నది చూడు," అంది మార్త గదిలోంచి. రొట్టె నిజంగానే మాడింది.

తొమ్మిదేళ్ళుగా ఇదే వరస. "ఇంట్ల ఖాళీగ కూసున్నవు గద, జర గీ కొలతలు చూడు," అంటూ విజయ్‌కుమార్ కాగితాలు ఇచ్చేవాడు. తను ఖాళీగా కూర్చున్న రోజేదో నిరోషాకు ఎంత వెతికినా గుర్తు రాలేదు. ఒళ్ళు మండింది. అంతకంటే ఎక్కువ భయం వేసింది. ఆదివారం నవాబుపేట మహిళా సంఘం వాళ్ళు పన్నెండు మంది పడవ ఎక్కుతున్నారట. చిన్న అల వచ్చినా నీళ్ళు లోపలికి వస్తాయి.

మూడో రోజు పడవ తీసుకుపోవడానికి శ్రీశైలం వచ్చాడు. చెరువు మీద పడవలు నడిపే మనిషి. నిరోషా చాయ్ తెచ్చేసరికి అతను నున్నటి బండల మీద అరచెయ్యి ఆనించి ఉన్నాడు.

"బండలేసినంక మళ్ళ లెక్కగట్టిన్రా?"

"కట్టిన సార్. పన్నెండు పక్కా. మా ఇంటామె గూడ చూసింది," అన్నాడు విజయ్‌కుమార్. ఆమె వైపు తిరిగిన చూపులో ఊ అనమన్న హుకుం ఉంది.

"అవునా అమ్మా?"

ఇప్పుడు ఊ అంటే ఇంట్లో ఈ పూట ప్రశాంతంగా గడుస్తుంది. నిరోషా చాయ్ పళ్ళెం కింద పెట్టింది.

"కాదు సార్. ఆ లెక్క నాది. బండ నాది కాదు. ఎనిమిది మంది కన్న ఎక్కువ ఎక్కిస్తే మునుగుతది."

"నిరోషా, ఇంట్లకు పో."

"పోత. పన్నెండు పక్కా అయితే మొదలు నువ్వెక్కుతనని సార్‌కు చెప్పు. అత్తమ్మను పక్కన కూసోబెట్టుకో. తతిమ్మా పది మందిని నేను పిలుచుకొస్త."

విజయ్‌కుమార్ పడవ దగ్గర్నించి ఒక అడుగు వెనక్కి వేశాడు. నేల చూశాడు.

నిరోషా శ్రీశైలం వైపు తిరిగింది.

"చూసిన్రు గద సార్. ఆయన గూడ నా లెక్కనే నమ్ముతడు."