పంపండి, చేస్తాను

రెహనుమా చేసే పని మనుషుల్ని మాయం చేయడం. ఎక్కడో చలిదేశాల దుకాణాలవాళ్లు బొమ్మకి ఉన్ని కోటు తొడిగి, ఫొటో తీసి పంపుతారు. ఇక్కడ రాజ్‌షాహీలో, వంటింటి పక్క గదిలో చెమటలు కక్కుతూ ఆమె ఆ బొమ్మ మెడనీ చేతుల్నీ కంప్యూటర్లో చెరిపేస్తుంది. చివరికి కోటు ఒక్కటే మిగులుతుంది, లోపల ఎవరో ఉన్నట్టే భుజాలు ఎత్తుకుని. అత్తగారు ఒకసారి తొంగిచూసి "తౌబా!" అని చెంపలేసుకుని, మళ్లీ ఆ గది గడప తొక్కలేదు. అందులోంచి వచ్చే సంపాదన గడప దాటడానికి మాత్రం ఆవిడకి అభ్యంతరం లేదు.

ఎండలు ముదిరేసరికి రెహనుమా కుడిచేతి బొటనవేలు తిమ్మిరెక్కింది. తర్వాత పక్క వేళ్లు. డాక్టరమ్మ ఆ చెయ్యి వెలుతురులోకి తిప్పి చూసింది.

"బొటనవేలి మొదట్లో కండ చూశారా? కరగడం మొదలైంది. పూర్తిగా పోతే తిరిగి రాదు. ఈ నెలంతా మౌస్ ముట్టుకోకండి."

"నెలంతానా?" అంది రెహనుమా. మొగుడు పోయాడని చెప్పినా అంత అదిరిపడేది కాదు.

తోడు వచ్చిన పెద్ద తోడికోడలు కోహినూర్ భాబీ రిక్షాలో ఊరుకోలేదు. "కుర్బానీ పండక్కి కట్టేసిన ఆవుని చూడు. కోసేదాకా దానికి స్నానం చేయించి, దండేసి మేపుతున్నారు. నీకు ఆ మర్యాద కూడా లేదు కదే."

"నన్నెవరు కోస్తున్నారు భాబీ? నాకు యజమానే లేడు. అందుకేగా ఈ పని పట్టుకున్నాను!"

"నేనూ అదే అంటున్నా. యజమాని ఉంటే సాయంత్రానికి వాణ్ణి నాలుగు తిట్టుకుని ఇంటికొచ్చేదానివి."

రెహనుమా విశ్రాంతి తీసుకోవడానికే నిశ్చయించుకుంది. పని దొరికే సైటులో సెలవు మీట ఒకటుంది. కానీ ఈ వృత్తిలో ఉన్నవాళ్లెవరూ దాన్ని నొక్కరు. నొక్కితే పేరు అట్టడుక్కి జారిపోతుంది. పురిటికని నొక్కిన పక్కవీధి అమ్మాయిని, బిడ్డ నడక నేర్చినా ఒక్క దుకాణం వాడూ పలకరించలేదు. జవాబు ఆలస్యమైనా అంతే. అందుకని రెహనుమా ఒక ఉపాయం చేసింది. ఎవరు ఏమడిగినా, "ఉన్నానండీ, పంపండి, చేస్తాను" అని దానంతటదే వెళ్లేలా సైటులో జవాబు అమర్చింది. జవాబివ్వడం పని కాదు కదా. కంప్యూటర్ మీద దుప్పటి కప్పి, మంచమెక్కి, విశ్రాంతిని కూడా పనంత శ్రద్ధగా మొదలుపెట్టింది. అప్పుడప్పుడు అలమరలోంచి ఫోను టింగుమనేది. ఆమె పక్కకి తిరిగి పడుకునేది.

కుర్బానీ పండగనాడు, నమాజు నుంచి వచ్చిన ఆమె మొగుడు మొయినుల్ ఫోను పట్టుకొచ్చాడు. "ఎవరో నిన్ను తెగ పొగుడుతున్నారు. ఇంత త్వరగా ఒప్పుకునేవాళ్లు దొరకరట."

రెహనుమా చూసింది. ఒక దుకాణం చలికాలం సరుకు ఫొటోలన్నీ దింపేసింది. దానంతటదే వెళ్లిన జవాబే ఒప్పుకోలై, ఈమె ఊ అనే పని కూడా లేకుండా గడువు లెక్క మొదలైపోయింది. రేపు పొద్దుటికి అప్పగించాలి.

"చేయలేనని చెప్పెయ్," అన్నాడు మొయినుల్.

"చెప్తే పని రద్దు. రద్దయితే పేరుకి మచ్చ. మళ్లీ మొదట్నుంచి ఎక్కాలి."

"పండగని చెప్పు."

"వాళ్లకి ఇవాళ ఒట్టి బుధవారమండీ."

మొయినుల్ మంచివాడు. మంచివాళ్లు ఏం చేస్తారో అదే చేశాడు. టీ తెచ్చిచ్చాడు.

ఆమె దుప్పటి తీసింది. బయట వీధిలో బకెట్లతో నీళ్లు కొట్టి నెత్తురు కడుగుతున్నారు. కిటికీ మూసినా ఆ పచ్చివాసన లోపలికి వస్తూనే ఉంది. మొదటి కోటుకే నొప్పి మోచేతిదాకా పాకింది. రుమాలుతో మణికట్టు బిగించి కట్టుకుంది. ఒక్కొక్క మెడే చెరిపేస్తూ పోయింది. కొంతసేపటికి వేలు మౌస్‌ని నొక్కుతోందో లేదో కంటితో చూసుకుంటే తప్ప తెలియలేదు. ఇంకా కొంతసేపటికి నొప్పి పూర్తిగా పోయింది.

నొప్పి పోయినందుకు ఆమె అల్లాకి షుక్రియా చెప్పుకుంది.

గడువులోపలే అప్పగించింది. పండగ రెండో రోజు మధ్యాహ్నం దాకా మొద్దులా నిద్రపోయి లేచి, అందరితోపాటు చాప మీద కూర్చుంది. అత్తగారు పొగలు కక్కే అన్నం మీద మాంసం కూర వడ్డించింది. మొయినుల్ చురుక్కుమన్న వేళ్లు ఊదుకున్నాడు. రెహనుమా ఊదుకోలేదు. ముద్ద చేసింది. నోటిదాకా రాకుండానే వేళ్ల సందుల్లోంచి జారిపోయింది. మళ్లీ చేసింది. మళ్లీ జారింది.

"ఏం, ఉప్పు తక్కువైందా?" అంది అత్తగారు.

"లేదమ్మా, బాగుంది."

ఒక్క మెతుకైనా నోట్లో పడలేదని చాప మీద అందరికీ కనిపిస్తూనే ఉంది. ఒళ్లో ఉన్న ఎడమచెయ్యి కంచం వైపు లేచి, సగంలో ఆగిపోయింది. ఆ ఇంట్లో పసిపిల్లలు కూడా ఆ చేత్తో తినరు.

కోహినూర్ తన కంచం పట్టుకుని రెహనుమా పక్కకి జరిగింది. ముద్ద కలిపి ఎత్తింది. "నోరు తెరు."

"పండగపూట ఈ గారాలేమిటే!" అని నవ్వబోయిన అత్తగారు, కోడలి బొటనవేలు కూరలో పడి ఉన్న తీరు చూసి, గరిటె మెల్లగా కింద పెట్టేసింది.

రెహనుమా నోరు తెరిచింది. కుడిచెయ్యి ఇంకా ఆ కాలే అన్నంలోనే ఉంది. దాన్ని తీయాలని ఆమెకి తోచలేదు.