కాగితం మీద వదిన

కిడ్నీ మార్పిడికి అనుమతిచ్చే కమిటీ మంగళవారమే కూర్చుంటుంది. టైలరుకి డయాలసిస్ యంత్రం మీద వంతు వచ్చేదీ మంగళవారమే. ఆ వంతు వదులుకుని, ఉబ్బిన కాళ్లు చెప్పుల్లో పట్టకపోతే చెప్పులు చేత్తో పట్టుకుని, అక్క భుజం ఆసరాగా వచ్చాడు.

అక్క కిడ్నీ అతనికి చక్కగా సరిపోతుందన్నారు. సరిపడనిది కాగితమే. పిల్లల్లేని మేనమామ అక్కను చిన్నప్పుడే తెచ్చి పెంచుకున్నాడు. బడిలో వేసేటప్పుడు తండ్రి పేరు దగ్గర తన పేరు రాయించాడు. ఇంటి పిల్లకు దత్తత కాగితమేమిటని ఎవరూ పట్టించుకోలేదు. ఆ ముచ్చటే ఇప్పుడు మెడకు చుట్టుకుంది. కాగితాల ప్రకారం అక్క వదినైపోయింది. కన్నవాళ్లు, తోబుట్టువులు, ఆలుమగల్లాంటి దగ్గరివాళ్లు తప్ప ఇంకెవరిచ్చినా అది కొనుక్కొచ్చిన కిడ్నీయేనని కమిటీ నమ్మకం. కన్నవాళ్లు ఎప్పుడో పోయారు. భార్య రక్తం కలవలేదు.

"తోబుట్టువులకి తప్ప ఇంతగా కలవదన్నారు సార్, డాక్టరుగారు," అన్నాడు టైలరు.

"రక్తం సంగతి డాక్టర్లు చూస్తారయ్యా. మేం కాగితాలు చూస్తాం." కమిటీ అధికారి ఒక ఫారం అక్క ముందుకు తోశాడు. "ఫలానా వాళ్లకి పుట్టాను, మామ కూతుర్ని కాను అని రాసి సంతకం పెట్టమ్మా. చాలు."

చాలట! మామ బడిలో వాచ్‌మన్‌గా ఉండగానే పోతే, కూతురు కదా అని ఆ ఉద్యోగం అక్కకిచ్చారు. ఈ సంతకం పడిందా, పన్నెండేళ్ల ఉద్యోగం దొంగ ఉద్యోగమవుతుంది. రెండిళ్ల పొయ్యీ వెలిగేది ఆ జీతంతోనే. కొత్త కిడ్నీ నిలవాలంటే బతికినన్నాళ్లూ మింగాల్సిన మందులూ అందులోంచే రావాలి. ముందు నుయ్యి, వెనక గొయ్యి. మధ్యలో నిలబడటానికి ఇతగాడికి కాళ్లలో సత్తువ కూడా లేదు.

అక్కకు ఇవన్నీ తెలుసు. "ఉద్యోగం పోతే నాలుగిళ్లలో అంట్లు తోముతా, నువ్వు నోర్మూసుకో," అని బస్సులోనే తేల్చేసింది. ఇప్పుడు పెన్ను అందుకుంది.

"ఇంతకీ ఇతను నీకేమవుతాడమ్మా?" అడిగాడు అధికారి, రాసుకోవడానికి.

ఆమె నోరు తెరిచేలోపే టైలరు అందుకున్నాడు.

"మా మామయ్య కూతురండి. నాకు వదిన."

అతనికి బతకాలని ఉంది, చచ్చేంత ఉంది. అధికారి మాత్రం ఫారం వెనక్కి లాక్కుని ఫైలు మూసేశాడు.

వరండాలో అక్క అతని వీపు మీద ఒక్కటిచ్చింది, చిన్నప్పటిలాగే.

"చస్తావురా సన్నాసీ! ఇస్తానంటే వద్దనే మొహం ఎక్కడైనా ఉంటుందట్రా?"

"ఆ మందులెవరు కొంటారే అక్కా?"

ఆమె ఏడుస్తూ నిలబడింది. ఇంతలో తలుపు తీసుకుని అధికారి బయటికొచ్చాడు. అక్క గబగబా కొంగుతో మొహం తుడుచుకుంది.

"పద మరిదీ," అంది అధికారికి వినబడేలా. "యంత్రం దగ్గరికి ఇవాళ ఎవరైనా రాకపోతే ఆ వంతు నీకిస్తారేమో అడుగుదాం."