నాన్న వచ్చింది

కిటికీ అద్దం తెల్లబడింది.

బయట మంచు. లోపల మా ముగ్గురి ఊపిరి. నడుమ అద్దం.

పిల్ల అరచేత్తో తుడిచింది, పలక తుడిచినట్టు. తుడిచినంత మేర చీకటి. ఆ చీకటి ఇంట్లోకి తొంగి చూసింది.

"మంచు వచ్చింది" అంది మా ఆవిడ, పిల్లకి మాటలు నేర్పుతూ.

"మంచు వచ్చింది" అంది పిల్ల.

ఈ దేశంలో చీకటికి తొందరెక్కువ. పొయ్యి మీద పాలు పొంగేలోపు వీధి మాయమైపోతుంది. ఎదురు మేడ మాయమైపోతుంది. దీపస్తంభం ఒక్కటీ కాసేపు కొట్టుకుంటుంది... ఆ తర్వాత అదీ ఉండదు.

మంచు వచ్చింది.

నాకు మంచు కొత్త కాదు. నేను పనిచేసేది కోల్డ్ స్టోరేజీలో. ఈ ఊరు తినబోయేదంతా అక్కడ గడ్డకట్టి ఎదురుచూస్తుంటుంది. పెట్టెలు దించడం, పెట్టెలు పేర్చడం. తలుపు తీయగానే తెల్లటి పొగ నేలబారుగా వచ్చి కాళ్ళు వాసన చూస్తుంది, వీధికుక్కలాగా. ఆ చలి గ్లవుజుల్లోంచి వేళ్ళలోకి, వేళ్ళలోంచి ఎముకల్లోకి దిగుతుంది. ఇంటికొచ్చి వేణ్ణీళ్ళలో ఎంతసేపు నానబెట్టినా వదలదు.

నాతోపాటే అన్నానికి కూచుంటుంది. నాతోపాటే దుప్పటి కప్పుకుంటుంది.

మెడ నిలవని పిల్లని వదిలేసి వచ్చాను. అప్పట్నించీ ఆ పిల్లకి నేను ఫోన్లోనే ఉన్నాను.

ఫోన్ మోగితే వాళ్ళమ్మ "నాన్న!" అని చూపించేది. పిల్ల ఫోన్ని రెండు చేతులా పట్టుకుని ముద్దులు పెట్టేది. అక్కడ నా మొహం చొంగతో తడిసి ముద్దయ్యేది. ఇక్కడ నేను బుగ్గ తుడుముకునేవాణ్ణి.

పొడిగా ఉండేది.

అదీ నా కాపురం.

చివరికి కాగితాలు కుదిరాయి. తల్లీ కూతురూ విమానం దిగారు. నేను చేతులు చాచాను. పిల్ల నా మొహం చూసింది. చేతులు చూసింది. తల్లి భుజంలో తల దాచుకుంది.

"నాన్నేడమ్మా? నాన్నని చూపించూ..." అంది మా ఆవిడ, నవ్వుతూ.

పిల్ల తల్లి సంచిలో చెయ్యి పెట్టింది. వెతికింది. ఫోన్ తీసింది.

నాకు చూపించింది.

మరి నేనెవర్ని?

తెలియని మగవాడు ఎవడైనా సరే, పిల్లకి నేర్పిన పేరు ఒక్కటే. పాలవాడు మామయ్య. ఆటోవాడు మామయ్య. సూది మందేసిన డాక్టరు మామయ్య. ఆ వరసలో చిట్టచివర నేనూ నిలబడ్డాను.

మామయ్య.

ఈ మాట పని దగ్గర నోరు జారాను. పెట్టెల బండి నడిపేవాడు మన భాషవాడే. అందర్నీ బావా అంటాడు కాబట్టి వాణ్ణందరూ బండి బావ అంటారు. పడీ పడీ నవ్వాడు.

"నీ కూతురు నిన్ను మామయ్యంటే, మీ ఆవిడకి నువ్వు అన్నయ్యవన్నమాట! రేప్పొద్దున రాఖీ కడుతుందిరోయ్, చెయ్యి కడుక్కుని ఉండు!"

నేనూ నవ్వాను. నవ్వితే పెదవి చిట్లింది. చలికి.

రోజులు గాడిలో పడ్డాయి. అందరూ అనే మాట అదే కదా, గాడిలో పడటం. నేను చీకట్లో పోతాను. మా ఆవిడ పిల్లని తోపుడు బండిలో కూచోబెట్టి పార్కు దాకా నడుస్తుంది. బాతుల్ని చూపిస్తుంది. వస్తుంది. బట్టలు హీటరు మీద ఆరేస్తుంది. నేను చీకట్లో వస్తాను.

అన్నం వేళకి మాత్రం బండి గాడి తప్పుతుంది. పిల్ల నోరు తెరవదు. ఫోన్ వైపు చూస్తుంది. నాన్న వస్తేనే ముద్ద.

"పోనీ, మీరోసారి మెట్ల మీద కూచుని చెయ్యకూడదూ? నాలుగు ముద్దలు తింటుంది."

"నా ఇంటికి నేను మెట్ల మీంచి ఫోన్ చెయ్యాలా?"

"అరవకండి. మళ్ళీ జడుసుకుంటుంది."

మెట్ల మీద కూచున్నాను. సిమెంటు చల్లగా ఉంది. చేశాను.

"నాన్న వచ్చింది!"

తలుపవతల కేక. ఓ క్షణం ఆగి ఫోన్లో అదే కేక. నా కూతురు నన్ను రెండుసార్లు పిలిచింది.

రెండుసార్లూ నన్ను కాదు.

"వచ్చింది కాదమ్మా, వచ్చాడు అనాలి" అంటుంది తల్లి. పిల్ల వినదు. ముద్ద మింగుతుంది, ఫోన్ని ముద్దాడుతుంది. నేను ఆపేస్తాను.

"నాన్న పోయింది."

"ఛీ, తప్పు! అలా అనకూడదు."

తలుపు తోసుకుని లోపలికి వస్తాను. పిల్ల తల్లి కొంగు పట్టుకుంటుంది. కొంగు చాటునించి ఒక కన్ను.

"మామయ్య వచ్చాడు."

బడి మధ్యలో మానేసినవాణ్ణే. అయినా ఆ మాత్రం తెలుగు నాకూ వచ్చు. మగమనిషికి 'డు'. వస్తువుకి 'ది'.

నా కూతురి మాటలో తప్పేం లేదు.

ఫోన్లోవాడి చేతులు చల్లగా ఉండవు. వాడి గడ్డం గుచ్చుకోదు. వాడికి నడుం నొప్పి లేదు, విసుగు లేదు, చేపల పెట్టెల కంపు లేదు. నా మొహం తగిలించుకుని, నా గొంతు పెట్టుకుని, నా ఇంట్లో కూచుని నా కూతురికి అన్నం తినిపిస్తున్నాడు.

నేను మెట్ల మీద.

"ఆ ఫోన్ చెయ్యడం మానేసి చూడు బావా" అన్నాడు బండి బావ. "ఆకలేస్తే ఎవరైతేనేం, వాళ్ళ చేతే తింటుంది. పసిముండకి ఎన్నాళ్ళు గుర్తుంటుందేం?"

మానేశాను.

ఫోన్లోవాణ్ణి చంపేశాను.

మొదట పిల్ల ఎదురుచూసింది. ఫోన్ని ఒళ్ళో పెట్టుకుంది. నల్లగా ఉంది. వేలితో పొడిచింది. నల్లగానే ఉంది. కంచంలో మెతుకులు ఎండి పూసల్లా అయ్యాయి. తర్వాత ఏడిచింది. గొంతు పోయిందాకా ఏడిచింది.

"ఒక్కసారి చెయ్యండి. మీకు దణ్ణం పెడతాను."

"ఎదురుగానే ఉన్నాను కదే! నన్ను చూసి తినమను."

చెయ్యి చాచాను. చేతిలో ముద్ద. పిల్ల పెదవికి నా వేలు తగిలింది. ఒళ్ళంతా ఉలిక్కిపడింది పిల్ల...

చలి.

ఒక సాయంత్రం ఏడుపు వినిపించలేదు. అప్పుడు భయమేసింది.

పిల్ల ఫోన్ని నేల మీద వెల్లకిలా పడుకోబెట్టింది. తన తువ్వాలు తెచ్చింది. కాళ్ళవైపు నుంచి కప్పుతూ వచ్చింది — మొహం మీదిదాకా. మెల్లగా జోకొట్టింది.

"నాన్న పోయింది" అంది.

కరెంటు పోయిందని చెప్పినట్టు చెప్పింది.

మా ఆవిడ గోడకి చేరగిలబడి నోట్లో కొంగు కుక్కుకుంది. నేను మెట్ల మీదికి పరిగెత్తాను. వేళ్ళు తిరగడం లేదు. చేశాను. లోపల మోగింది. కేక లేదు. మోగింది. మా ఆవిడ ఎత్తింది. "ఇదుగోనమ్మా, నాన్న! చూడూ!"

పిల్ల మొహం కనిపించింది. నన్ను చూసింది... చూసి, తువ్వాలు మళ్ళీ పైకి లాగింది.

చీకటి. నేత పోగుల సందుల్లోంచి సన్నగా వెలుతురు.

"పండూ" అన్నాను గుడ్డ కిందనుంచి. "పండూ... నేనమ్మా..."

మెల్లగా జోకొట్టిన చప్పుడు. నా మొహం మీద.

ఇప్పుడంతా అలవాటైపోయింది. పిల్ల తల్లి చేతి ముద్దలు తింటుంది. అడగదు. ఏడవదు. "చూశావా, నే చెప్పలా!" అంటాడు బండి బావ. ఫోన్ మోగినా పిల్ల తల తిప్పదు. నన్ను చూసినా తిప్పదు. మామయ్య అన్న మాట కూడా రాదిప్పుడు. పార్కు, బాతులు, హీటరు మీద బట్టలు. ఇల్లు బుద్ధిగా ఉంది.

కోల్డ్ స్టోరేజీలో కూడా ఇంత నిశ్శబ్దం ఉండదు. అక్కడ కనీసం మిషను గురక పెడుతుంది.

ఈ సాయంత్రం పని నుంచి వచ్చేసరికి పిల్ల కిటికీ దగ్గర నిలబడి ఉంది. వంటగదిలో పాలు కాగుతున్నాయి. చప్పుడు చెయ్యకుండా వెళ్ళి వెనక మోకాళ్ళ మీద కూచున్నాను. ముట్టుకోలేదు.

అద్దం తెల్లగా ఉంది.

పిల్ల అరచేత్తో తుడిచింది. అంత మేర చీకటి. ఆ చీకట్లో, పిల్ల భుజం మీదుగా, ఒక మొహం. గడ్డం మాసిన మొహం. పలక అంత అద్దంలో ఇరుక్కున్న మొహం.

పిల్ల ఊపిరి ఆగింది.

"నాన్న..."

అద్దం మీద అరచెయ్యి ఆనించింది. నా బుగ్గ ఉన్నచోట.

"నాన్న వచ్చింది."

నేను కదల్లేదు. కదిలితే వెనక్కి తిరుగుతుంది. తిరిగితే ఏముంది ఇక్కడ? చల్లటి చేతులు. మామయ్య.

"నాన్న వచ్చింది. నాన్న వచ్చింది..."

పిలిచినప్పుడల్లా పిల్ల ఊపిరి అద్దానికి తగులుతోంది. తగిలినచోటల్లా తెల్లబడుతోంది. ముందు నా గడ్డం పోయింది. తర్వాత నోరు...

నేను ఊపిరి బిగబట్టాను.

బయట మంచు. లోపల మంచు.

నడుమ అద్దంలో — ఇంకా — నా కళ్ళు.